మస్టరులో లేని ప్రాణాలు

ఊరొదిలి వచ్చారు. అడవి దాటి వచ్చారు. అలా వచ్చినవాళ్లకు ముందుగా కావాల్సిందేమిటి? డాక్టరా? మందులా? ఆసుపత్రా? అన్నీ కావాలి. వాటన్నిటికంటే ముందు కావాల్సింది మరొకటుంది... ఓ పుస్తకంలో పేరు!

భూగర్భ గనిలోకి దిగే ముందు సింగరేణి కార్మికుడికి మస్టరు పడాలి. ల్యాంప్ రూములో క్యాప్ ల్యాంప్ తీసుకోవాలి. షిఫ్టు అయిపోయి పైకొచ్చాక దాన్ని తిరిగి అప్పజెప్పాలి. ఒక్క దీపం వెనక్కి రాలేదంటే... ఒక మనిషి ఇంకా కిందే ఉన్నాడేమోనని వెతకాల్సిందే.

చూడటానికి అదో హాజరు పట్టీ. నిజానికి ప్రాణానికి కాపలా. లోపల ఎంతమంది ఉన్నారో తెలిస్తేనే కదా, ఎంతమందిని కాపాడాలో తెలిసేది!

గోదావరిఖనిలో ఆ మస్టరు బలం బాయి బయట కూడా కనిపిస్తుంది. ఉద్యోగంలో చేరేటప్పుడు వైద్య పరీక్ష. చేరాక నిర్ణీత గడువుకోసారి మళ్లీ పరీక్ష. ఒంట్లో బాగోలేకపోతే డిస్పెన్సరీ. అక్కడ కుదరకపోతే ఏరియా ఆసుపత్రి. అదీ చాలకపోతే పెద్దాసుపత్రికి రిఫరల్. కార్మికుడికే కాదు, అతడి మీద ఆధారపడిన కుటుంబానికి కూడా. పుస్తకంలో పేరున్నందుకు దక్కే భరోసా అది.

గోదావరిఖనిని దాటిన గోదావరి మంథని మీదుగా కాళేశ్వరం చేరి, ప్రాణహితను కలుపుకుని, ఏటూరునాగారం, మణుగూరు ప్రాంతాల మీదుగా భద్రాచలం వెళ్తుంది. నదికి ఈ పక్కన భూపాలపల్లి, మణుగూరు... రెండూ బొగ్గు ప్రాంతాలే. గనులు దాటి కాస్త లోపలికెళ్తే అడవి. ఆ అడవిలో అక్కడక్కడా పాతిక ముప్పై ఇళ్ల గుంపులు. వెదురు తడికెలు, మట్టి గోడలు, పైన గడ్డి కప్పు. బొగ్గుకు పుట్టిల్లయిన ఈ నేల మీద, ఇరవై ఏళ్లుగా ఏ మస్టరులోనూ పూర్తిగా ఎక్కని మనుషుల ఇళ్లవి.

ఎవరు వీళ్లు?

2005 జూన్. ఛత్తీస్‌గఢ్‌లోని దక్షిణ బస్తర్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలైంది. ఒకవైపు జుడుం, బలగాలు. మరోవైపు మావోయిస్టులు. మధ్యలో పల్లెలు. ఇళ్లు తగలబడ్డాయి. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. కొంతమందిని రోడ్ల పక్కన వేసిన శిబిరాలకు తరలించారు. శిబిరానికి వెళ్లలేక, ఊళ్లో ఉండలేక వేలమంది ఆదివాసీలు పిల్లల్ని చంకనేసుకుని ఇటు నడిచారు. అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లో తలదాచుకున్నారు. వాళ్లనే ఇక్కడివాళ్లు గుత్తికోయలు అంటారు. ఎంతమంది వచ్చారన్నదానికి ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్పారు. అసలు సమస్య అక్కడే మొదలైంది.

సల్వాజుడుం పేరిట ఆదివాసీ యువకులకు ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అప్పటికే ఇటు వచ్చి ఆరేళ్లు. ఇక్కడే పోడు కొట్టుకున్నారు. మిర్చి తోటల్లో కూలికి వెళ్లారు. ఇక్కడే పిల్లలు పుట్టారు.

చట్టం భాషలో వీళ్లు శరణార్థులు కారు. దేశం సరిహద్దు దాటితేనే శరణార్థి. దాటింది రాష్ట్రం సరిహద్దే అయితే అంతర్గత నిర్వాసితుడు. ఇలాంటివాళ్లకు తిండి, నీరు, నీడ, వైద్యం అందించే బాధ్యత ఆయా ప్రభుత్వాలదేనంటూ 1998లో ఐక్యరాజ్యసమితి మార్గదర్శక సూత్రాలు వచ్చాయి. కానీ అవి సూత్రాలే, కట్టుబడి తీరాల్సిన చట్టం కాదు. శరణార్థి అయితే ఐక్యరాజ్యసమితి సంస్థ ఒక కార్డయినా ఇస్తుంది. వీళ్లకు అదీ లేదు.

జ్వరం... దూరం

అడవి అంచున బతికేవాళ్లకు మొదటి శత్రువు మలేరియా. అందులోనూ ఫాల్సిపారం రకం ప్రమాదకరం. సకాలంలో మందు పడకపోతే ఒకట్రెండు రోజుల్లోనే మెదడుకు ఎక్కి ప్రాణం తీయగలదు. పసిపిల్లలకు, గర్భిణులకు మరీ ముప్పు.

విచిత్రం ఏమిటంటే, దీన్ని పట్టుకోవడానికి ల్యాబ్ కూడా అక్కర్లేదు. వేలి మీద సూదితో గుచ్చి, ఒక్క చుక్క రక్తం పట్టీ మీద వేస్తే దాదాపు పావుగంటలో తెలిసిపోతుంది. మూడు రోజుల మాత్రలతో తగ్గిపోతుంది. శిక్షణ ఇస్తే గుంపులోని ఓ మహిళే ఈ పని చేయగలదు. మందు పెట్టిన దోమతెర పడుకునేచోట కడితే సగం యుద్ధం గెలిచినట్టే.

అంటే, మందు లేక కాదు ప్రాణం పోయేది. మందుకూ మనిషికీ మధ్య ఉన్న దూరం వల్ల. 108 అంబులెన్స్ మన దగ్గర మొదలైంది 2005 ఆగస్టులో. సరిగ్గా ఈ నిర్వాసితులు గోదావరి వైపు నడిచిన సంవత్సరమే! కానీ అంబులెన్స్‌కు రోడ్డు కావాలి. రోడ్డు ఆగిపోయినచోట డోలీ మొదలవుతుంది. వాగు పొంగితే డోలీ కూడా ఆగిపోతుంది.

ఆ దూరాన్ని తగ్గించడానికి కొందరు ప్రయత్నించారు. 1999లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న 'సరిహద్దులు లేని వైద్యులు' సంస్థ 2006 నుంచి ఛత్తీస్‌గఢ్‌లోనూ, ఇటు ఖమ్మం సరిహద్దుల్లోనూ సంచార వైద్యశాలలు నడిపింది. చెట్టు కిందే ఓపీ. మలేరియా పరీక్ష, గర్భిణులకు తనిఖీ, పిల్లలకు టీకా, బక్కచిక్కిన పిల్లలకు బలమైన తిండి. రోగి ఆసుపత్రికి రాలేకపోతే ఆసుపత్రే రోగి దగ్గరికి వెళ్లాలన్నది వాళ్లు పాటించిన పద్ధతి.

మరో దూరం భాష. గుత్తికోయలు మాట్లాడే భాష కూడా తెలుగులాగే ద్రావిడ కుటుంబానిదే. అయినా ఆసుపత్రిలో అక్కరకు రాదు. నొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి, జ్వరం చలితో వస్తోందా... ఇవన్నీ సైగలతో చెప్పడం కష్టం. మాత్ర పొద్దున వేసుకోవాలో, పడుకునేముందు వేసుకోవాలో సైగలతో అర్థం చేసుకోవడం మరీ కష్టం. అందుకే శిబిర వైద్యంలో దుబాసీ కూడా డాక్టరంత ముఖ్యుడు.

తలల లెక్కతోనే అన్నీ

మన ఆరోగ్య వ్యవస్థ మొత్తం జనాభా లెక్క మీద నిలబడి ఉంది. గిరిజన ప్రాంతాల్లో 20 వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. 3 వేల మందికి ఒక ఉపకేంద్రం. కనీసం 300 మంది ఉంటే అంగన్‌వాడీ. ఎన్ని టీకాలు పంపాలి, ఎన్ని దోమతెరలు కావాలి, ఎంత బాలామృతం ఇవ్వాలి... అన్నీ తలల లెక్కే.

మరి ఆ తలలే లెక్కలో లేకపోతే? 3 వేల మందికని పంపిన సరుకు అంతకంటే ఎక్కువమందికి సర్దాలి. లేదంటే చివర వచ్చినవాళ్లకు లేదనాలి. ఏ ఆరోగ్య కార్యకర్త తప్పూ లేకుండానే కొందరు పిల్లలకు టీకా తప్పిపోతుంది.

రెండో చిక్కు కార్డులది. పేదలకు ఖరీదైన వైద్యం ఉచితంగా అందించే ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది. దానికి ఆధారం తెల్ల రేషన్ కార్డు. రేషన్ కార్డుకు చిరునామా కావాలి. అడవిలో వేసుకున్న గుడిసెకు చిరునామా ఎక్కడిది? అటవీ శాఖ దృష్టిలో అది ఆక్రమణ. ఆక్రమణకు ఇంటి నంబరు ఇస్తే హక్కు ఇచ్చినట్టవుతుందని ఒక శాఖ జంకుతుంది. ఇంటి నంబరు లేదు కాబట్టి కార్డు ఇవ్వలేమని మరో శాఖ అంటుంది. మధ్యలో జ్వరం ఎవరికోసమూ ఆగదు.

మూడోది కులధ్రువీకరణ. ఎస్టీ జాబితాలు రాష్ట్రాలవారీగా ఉంటాయి. ఒక రాష్ట్రంలో ఉన్న ఆ హోదా మరో రాష్ట్రానికి వలస వెళ్తే వెంటరాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బస్తర్‌లో గిరిజనుడైన మనిషికి గోదావరి ఈవలి ఒడ్డున ఆ గుర్తింపు నిలవలేదు. ఆ గుర్తింపుతో అందే సాయాలకు అతడు దూరమయ్యాడు.

తలుపులు అసలు తెరుచుకోలేదని కాదు. ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉన్న గ్రామీణ ఆవాసం ఏదైనా అడిగితే మూడు నెలల్లో అంగన్‌వాడీ పెట్టాల్సిందేనని 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఎక్కడినుంచి వచ్చారన్న ప్రశ్న అందులో లేదు. పిల్లలున్నారా లేదా అన్నదే! 2007 డిసెంబరులో జాతీయ బాలల హక్కుల సంరక్షణ కమిషన్ బృందం దంతెవాడ, ఖమ్మం జిల్లాలు తిరిగింది. అప్పటి కమిషన్ అధ్యక్షురాలు మన తెలుగు మహిళే... మెగసెసే అవార్డు గ్రహీత శాంతాసిన్హా. సరిహద్దుకు ఇటున్నా అటున్నా ఆ పిల్లల చదువు, తిండి, ఆరోగ్యం ప్రభుత్వాల బాధ్యతేనని గుర్తుచేసింది కమిషన్. తర్వాత కొన్ని గుంపులకు బోర్లు వచ్చాయి. కొన్నిటికి అంగన్‌వాడీలు, ఆధార్, రేషన్ కార్డులు వచ్చాయి. ఒక గుంపులో ఉన్నది పక్క గుంపులో లేకపోవడమే ఇప్పటి చిక్కు.

బన్‌గావ్ నేర్పిన పాఠం

నిర్వాసితుల వైద్యంలో ప్రపంచానికే పాఠం చెప్పిన ఘనత మన దేశానిది. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి సుమారు కోటి మంది మన దేశంలోకి తరలివచ్చారు. సరిహద్దులోని బన్‌గావ్‌లో కలరా విరుచుకుపడింది. ఆసుపత్రిలో నేల మీద కూడా రోగులే. సెలైన్ బాటిళ్లు నిండుకున్నాయి.

అప్పుడు డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఓ సాహసం చేశారు. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా. ఆ పొడిని పొట్లాలు కట్టించి, డ్రమ్ముల్లో నీళ్లతో కలిపించారు. తాగించే పని రోగి తల్లికో, అక్కకో, భర్తకో అప్పజెప్పారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు దాదాపు 3.6 శాతానికి దిగొచ్చాయి! ఈరోజు మన ఇళ్లలో ఉండే ఓఆర్ఎస్ పొట్లం అంతటి పరీక్షకు నిలిచింది శరణార్థి శిబిరంలోనే. 2022లో కన్నుమూసిన ఆయనకు 2023లో పద్మవిభూషణ్ ప్రకటించారు.

ఆ తూర్పు బెంగాల్ కాందిశీకుల కథలో మన బొగ్గు ప్రాంతానికీ చోటుంది. రామగుండం నుంచి రైలెక్కి మంచిర్యాల, బెల్లంపల్లి దాటితే కాగజ్‌నగర్. దాని చుట్టుపక్కల ఊళ్లలో స్థిరపడ్డ బెంగాలీ కుటుంబాలు అలా వచ్చినవే. ప్రభుత్వం పునరావాసం పేరిట వాళ్లకు చోటు చూపించింది. ఆ ఊళ్లకు పేర్లున్నాయి. ఆ కుటుంబాలు రికార్డుల్లో ఉన్నాయి. గుత్తికోయలకూ వాళ్లకూ తేడా అదే.

చేదు పాఠాలూ ఉన్నాయి. 1994 జులైలో రువాండా నుంచి పారిపోయిన లక్షలమంది గోమా పట్టణం దగ్గర పోగయ్యారు. మందులకన్నా ముందు నీళ్లు లేవు. మొదటి నెలలోనే దాదాపు 50 వేల మంది చనిపోయారు. ఎక్కువమందిని తీసుకెళ్లింది కలరా, జిగట విరేచనాలే. ఆ దెబ్బతో సహాయ సంస్థలన్నీ కూర్చుని 1997 నుంచి 'స్ఫియర్' పేరుతో కనీస ప్రమాణాలు రాసుకున్నాయి.

శిబిరం... ఇదీ కొలత

• మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు.

• ఇంటికి 500 మీటర్లలోపే నీటి వసతి. ఒక కుళాయికి 250 మందికి మించకూడదు.

• 20 మందికి ఒక మరుగుదొడ్డి.

• మొదటి రోజుల్లోనే పిల్లలకు తట్టు టీకా, విటమిన్-ఎ. ఇరుకు గుడిసెల్లో తట్టు కార్చిచ్చులా పాకుతుంది. తిండిలేని పిల్లల్ని త్వరగా పొట్టన పెట్టుకుంటుంది.

• రోజుకు 10 వేల మందిలో ఒక్కరికి మించి చనిపోతుంటే అది అత్యవసర పరిస్థితి.

ఆ చివరి కొలతను మరోసారి చదవండి. ఎంతమంది చనిపోయారో తెలిస్తే చాలదు. ఎంతమంది ఉన్నారో కూడా తెలియాలి. అందుకే అనుభవమున్న వైద్య బృందం శిబిరంలో అడుగుపెట్టగానే గుడిసెలు లెక్కపెడుతుంది. గుడిసెకు ఎందరో రాసుకుంటుంది. శ్మశానానికి ఓ మనిషిని పంపి కొత్త సమాధులు లెక్కబెట్టిస్తుంది. స్టెతస్కోపు ఆ తర్వాతే!

బాలాపూర్ నుంచి బస్తర్ దాకా

రాష్ట్రంలో శిబిరం అన్న మాట అచ్చంగా వర్తించే చోటు హైదరాబాద్‌లో ఉంది. బాలాపూర్ పరిసరాల్లో మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యాలు అద్దె స్థలాల్లో గుడిసెలు వేసుకుని ఉంటున్నారు. 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు. అయినా ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చే కార్డు వాళ్లలో చాలామంది దగ్గర ఉంది. ప్రభుత్వాసుపత్రిలో ఓపీ, టీకాలు, కాన్పులకు ఇబ్బంది తక్కువ. పెద్ద ఆపరేషన్ అంటేనే మళ్లీ ఆధార్, రేషన్ కార్డు దగ్గర బండి ఆగుతుంది.

కార్డు లేనివాళ్లకూ వైద్యం అందించొచ్చని కొవిడ్ నిరూపించింది. గుర్తింపు పత్రాలు లేనివాళ్లకు టీకా ఎలా వేయాలో చెబుతూ 2021 మేలో కేంద్రం ప్రత్యేక విధివిధానాలు ఇచ్చింది. సంచార జాతులు, భిక్షాటన చేసేవాళ్లు, పునరావాస శిబిరాల్లో ఉన్నవాళ్లు... ముందు మనిషి, తర్వాతే కాగితం అన్నది దాని సారాంశం. ఒకరికి సోకితే అందరికీ ముప్పని భయపడ్డాం కాబట్టి అది సాధ్యమైంది. మలేరియా కూడా అంతే. గుత్తికోయ గుంపులో కుట్టిన దోమ పక్క ఊరి పొలిమేర దగ్గర ఆగదు కదా!

2017 ఆగస్టు తర్వాత ఏడు లక్షలమందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌లోని కాక్స్‌బజార్ చేరారు. ఆ ఏడాది చివర్లో అక్కడ కంఠసర్పి వ్యాపించింది. మన తాతల కాలం జబ్బు, టీకాలతో మరుగున పడింది, టీకాల్లేని పిల్లల మధ్య మళ్లీ లేచింది. టీకాల మీద టీకాలు వేసి దాన్ని అదుపు చేశారు. గుడిసె గుడిసెకూ తిరిగి జబ్బుపడ్డ పిల్లల్ని వెతికినవాళ్లలో శరణార్థులూ ఉన్నారు. వాళ్ల భాష వాళ్లకు వచ్చు. ఏ గుడిసెలో ఎవరున్నారో వాళ్లకు తెలుసు.

మన సరిహద్దుకు అవతల కూడా ఇదే దారి ఫలించింది. 2020 జనవరిలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం బస్తర్‌లో ఇంటింటికీ వెళ్లి అందరికీ మలేరియా పరీక్ష చేయడం మొదలుపెట్టింది. జ్వరం ఉందా అని అడగలేదు. ఇంట్లో ఎంతమంది ఉన్నారని అడిగింది! మలేరియా బయటపడ్డవాళ్లలో చాలామందికి ఏ లక్షణమూ లేదు. ఆసుపత్రికి వచ్చేదాకా ఆగి ఉంటే వాళ్లెవరూ దొరికేవాళ్లే కాదు. అంతకుముందే, 2019లో వారపు సంతల్లో వైద్యశాలలు తెరిచింది. ఉప్పు, మిరపకాయల కోసం ఎలాగూ సంతకు వస్తారు కాబట్టి డాక్టరూ అక్కడికే వెళ్లాడు.

గోదావరికి ఈవల చేయాల్సింది కూడా ఇంచుమించు అదే. గుంపులోని యువతినే ఆశా కార్యకర్తగా తీసుకోవడం. పరీక్ష పట్టీలు, మాత్రలు ఆమె చేతిలో పెట్టడం. సంత రోజున వైద్య శిబిరం. వానాకాలం వాగులు పొంగకముందే నెలలు నిండే గర్భిణుల పట్టిక. బంధువుల కోసం సరిహద్దు దాటి తిరిగే కుటుంబాల పిల్లల టీకా వివరాలు రెండు రాష్ట్రాల సిబ్బందీ పంచుకోవడం. వీటికి కోట్లు అక్కర్లేదు.

డాక్టర్లు దొరకరన్న మాటకు కూడా బొగ్గు ప్రాంతంలో కాలం చెల్లుతోంది. 2022లో రామగుండంలోనూ కొత్తగూడెంలోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. రామగుండం కళాశాలకు అండ సింగరేణి నిధులు. వైద్య విద్యార్థులు పల్లెకు వెళ్లి కొన్ని కుటుంబాల బాగోగులు చూడటం ఇప్పుడు ఎంబీబీఎస్ చదువులో భాగం. ఆ పల్లెల జాబితాలో ఓ గుత్తికోయ గుంపు చేరితే చాలు, మలేరియా పాఠాన్ని పుస్తకంలోకన్నా బాగా నేర్చుకోవచ్చు.

2011 తర్వాతి జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా కేంద్రం 2025 జూన్‌లో ప్రకటించింది. వచ్చే పదేళ్ల ఉపకేంద్రాలు, అంగన్‌వాడీలు, దోమతెరల లెక్కకు మూలం ఆ పుస్తకాలే. జనాభా లెక్కలు రాసే టీచరు తారు రోడ్డు చివర బండి ఆపి, వాగు దాటి, ఆ గుంపుదాకా నడిచి వెళ్తే... ఒక్కో గుడిసె ముందు నిలబడి ఎంతమంది ఉన్నారని అడిగి రాసుకుంటే... ఆ గుంపుకు సగం వైద్యం ఆ రోజే మొదలైనట్టు.